రోగి పడక పక్కన చదువు చెప్పిన అర్‌రాజీ

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మన ఇళ్లలో అదే చర్చ. ఎంబీబీఎస్ సీటు అందరికీ రాదు. వచ్చినా ఫీజు కట్టే స్తోమత అందరికీ ఉండదు. అందుకని చాలామంది పిల్లలు నర్సింగులోనో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులోనో, అంబులెన్సులో ప్రథమ చికిత్స చేసే శిక్షణలోనో చేరుతున్నారు. చుట్టాలు మాత్రం డాక్టరు కాలేదుగా, కాంపౌండరేగా అని పెదవి విరుస్తారు. అదే ఊళ్లో ఏ శిక్షణా లేకుండా సూది పట్టుకున్న మనిషిని డాక్టరుగారూ అని గౌరవంగా పిలుస్తారు. ఈ వింత మన కాలానికే సొంతం కాదు. రోగిని ఎవరు తాకవచ్చు, ఎంత నేర్చుకున్నాక తాకవచ్చు, ఎక్కడ చెయ్యి ఆపాలి అన్న ప్రశ్నలు పదకొండు వందల ఏళ్ల కిందట బాగ్దాదులోనూ, రయ్ నగరంలోనూ పుట్టాయి. ఆ ప్రశ్నలను జీవితమంతా పట్టించుకున్న మహా వైద్యుడు అబూబకర్ ముహమ్మద్ ఇబ్న్ జకరియా అర్‌రాజీ గురించి ఈ వారం చెప్పుకుందాం.

హిజ్రీ 251లో, అంటే క్రీ.శ. 865లో ఆయన రయ్ నగరంలో జన్మించారు. నేటి ఇరాన్ రాజధాని టెహరాన్‌కు దక్షిణపు అంచున ఆ పాత నగరం ఉంది. రాజీ అంటే రయ్ ఊరివాడని అర్థం. ఆయన పుట్టుకతో హకీం కాదు, చిన్ననాటి నుంచి వైద్యం చదివినవారూ కాదు. యౌవనంలో ఊద్ వాయించేవారు, పాటలంటే ఇష్టపడేవారు. తరువాత రసవాదం మీదికి మనసు మళ్లింది. కొలిమి ముందు కూర్చుని లోహాలను, లవణాలను కాచి వడపోసేవారు. ఆ పొగలకే ఆయన కళ్లు మొదటిసారి దెబ్బతిన్నాయని చరిత్రకారులు కొందరు రాశారు. ముప్పై ఏళ్లు దాటాకనే వైద్యంలోకి వచ్చారని పాత జీవిత చరిత్రలు చెబుతున్నాయి. ఇరవై ఏళ్లకే సీటు రాకపోతే జీవితం ముగిసిపోయిందని దిగాలుపడే పిల్లలకు ఈ ఒక్క సంగతి వినిపిస్తే చాలుననిపిస్తుంది.

ఆయనను వైద్యం వైపు తిప్పింది ఎవరు? పేరుమోసిన హకీం కాదు. మందులు నూరి పొట్లాలు కట్టే ఒక ముసలి మందుల వ్యాపకుడు. పదమూడవ శతాబ్దంలో వైద్యుల చరిత్రలు సేకరించిన ఇబ్న్ అబీ ఉసైబిఅ ఈ ఉదంతాన్ని రాసిపెట్టారు. బాగ్దాదుకు వచ్చిన అర్‌రాజీ ఊరికే చూద్దామని ఆసుపత్రిలోకి వెళ్లారు. అక్కడ మందుల గదిలో ఉన్న వృద్ధునితో మాట కలిసింది. మూలికల గుణాలు మనుషులకు మొదట ఎలా తెలిశాయని అడిగారు. ఒక మూలిక వాపును తగ్గిస్తుందని పూర్వీకులు ఎలా కనిపెట్టారో ఆ పెద్దాయన కథగా చెప్పాడు. అర్‌రాజీకి ఆ మాటలు మనసున పట్టేశాయి. మరోసారి వెళ్లినప్పుడు అవయవ లోపంతో పుట్టిన ఒక శిశువును చూశారు. అలా ఎందుకు పుడతారని వైద్యులను అడిగారు, వాళ్లు ఓపికగా చెప్పారు. ఇక అడగటం మానలేదు. అలా అడుగుతూ అడుగుతూనే వైద్యుడయ్యారు.

ఆ రోజుల్లో ఆసుపత్రిని బీమారిస్తాన్ అనేవారు. బీమార్ అంటే రోగి అని మన ఇళ్లలో వేరే చెప్పనక్కరలేదు. రోగులు ఉండే చోటు కాబట్టి ఆ పేరు. ఖలీఫాలు, మంత్రులు కట్టించిన ఈ ఆసుపత్రుల్లో హకీం ఒక్కడే పని చేసేవాడు కాదు. మందులు కలిపేవాడు, కళ్లకు వైద్యం చేసే కహ్హాల్, ఎముకలు కట్టే ముజబ్బిర్, రక్తం తీసే ఫస్సాద్, సేవకులు, అందరూ కలిస్తేనే అది ఆసుపత్రి. అర్‌రాజీ మొదట సొంత ఊరు రయ్‌లో ఆసుపత్రికి పెద్దగా ఉన్నారు. తరువాత బాగ్దాదులోనూ ఆ బాధ్యత నిర్వహించారు.

ఇక్కడ ఒక చిన్న మాట. బాగ్దాదులో ఆసుపత్రి ఎక్కడ కట్టాలో తేల్చటానికి అర్‌రాజీ ఊరిలో అక్కడక్కడా మాంసం ముక్కలు వేలాడదీయించారని, ఏది ఆలస్యంగా కుళ్లిందో ఆ చోటును ఎంపిక చేశారని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. వినటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ కథలో చెప్పే అదుదీ ఆసుపత్రి 982లో మొదలయింది. అప్పటికి అర్‌రాజీ కన్నుమూసి అర్ధ శతాబ్దం దాటింది. ఈ తేడాను ఇబ్న్ అబీ ఉసైబిఅ కూడా గమనించారు. మహనీయుల గొప్పతనం చెప్పటానికి నిజాలే సరిపోతున్నప్పుడు ఇలాంటివి మనకెందుకు?

నిజంగా చెప్పుకోదగ్గది ఆయన చదువు చెప్పిన పద్ధతి. పదో శతాబ్దంలో అల్‌ఫిహ్రిస్త్ అనే గ్రంథ పట్టిక కూర్చిన ఇబ్న్ అన్నదీమ్, రయ్‌కు చెందిన ఒక వృద్ధుడు చెప్పగా దాన్ని రాసుకున్నారు. అర్‌రాజీ మజ్లిస్‌లో కూర్చునేవారు. తల పెద్దది, చూడగానే గుర్తుండిపోయే మనిషి. ఆయన ముందు ఒక వరుసలో ఆయన శిష్యులు, వాళ్ల ముందు ఆ శిష్యుల శిష్యులు, ఇంకా బయట వరుసలో కొత్తగా చేరినవారు. రోగి వస్తే నేరుగా గురువు దగ్గరికి వెళ్లడు. ముందుగా ఎదురయ్యేది అన్నిటికన్నా బయటి వరుస. బాధ ఏమిటో రోగి వాళ్లకు చెబుతాడు. వాళ్లకు తెలిస్తే సరే. తెలియకపోతే లోపలి వరుసకు పంపుతారు. అక్కడా తేలకపోతే ఇంకా లోపలికి. ఎవరికీ అంతుపట్టనిది మాత్రమే అర్‌రాజీ ముందుకు వస్తుంది. అప్పుడు ఆయన మాట్లాడతారు. వరుసలన్నీ వింటాయి.

ఈ ఏర్పాటును కాస్త నిదానంగా ఆలోచించి చూడాలి. ఒకేసారి రెండు పనులు జరుగుతున్నాయి. రోగులు ఎంతమంది వచ్చినా పెద్ద వైద్యుని సమయం జలుబుకు, కడుపునొప్పికి ఖర్చు కావటం లేదు. అదే సమయంలో కొత్త కుర్రవాడికి మొదటి రోజు నుంచే రోగిని చూసే అవకాశం దొరుకుతోంది. కానీ ఆ కుర్రవాడు నేర్చుకునే మొదటి పాఠం మందు పేరు కాదు. ఇది నా వల్ల కాదు, లోపలికి తీసుకెళ్లండి అని సిగ్గుపడకుండా చెప్పగలగటం. ఈనాడు అంబులెన్సులో వచ్చే టెక్నీషియన్‌కు శిక్షణలో నేర్పేదీ ఇదే. శ్వాస ఆడుతోందా, రక్తం ఆగిందా, ఎముక కదలకుండా కట్టామా అని చూసి, తన చేతిలో ఉన్నది చేసి, మిగిలినది పెద్దాసుపత్రికి అప్పగించాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైనప్పటి నుంచి మన ఊళ్లలో వేలాది కుటుంబాలు ఈ పని విలువ కళ్లారా చూశాయి. ఆ బండిలో వచ్చిన అమ్మాయినో అబ్బాయినో అర్‌రాజీ మజ్లిస్‌లో కూర్చోబెడితే బయటి వరుసలో చోటు దొరుకుతుంది. ఆ వరుస లేకపోతే లోపలి వరుసలకు పనే జరగదు.

ఆయన మరో పాఠం రాసుకోవటం. చూసిన ప్రతి రోగి సంగతి కాగితం మీద పెట్టేవారు. పేరు, లక్షణాలు, తాను ఏమనుకున్నదీ, ఏమి ఇచ్చిందీ, చివరకు ఏమయిందీ అన్నీ అందులో ఉండేవి. శిష్యులు ఆయన చూసిన కేసులను దాదాపు 900 వరకు ఒక పుస్తకంగా కూర్చారు. ఆయన సొంత నోట్సులో అబ్దుల్లా ఇబ్న్ సవాదా అనే రోగి కథ ఉంది. అతనికి జ్వరం ఒక పద్ధతి లేకుండా వచ్చిపోయేది. ఒకప్పుడు ఆరు రోజులకు, ఒకప్పుడు రోజు విడిచి రోజు, ఒకప్పుడు రోజూ వచ్చేది. ముందు కొంచెం వణుకు, మాటిమాటికీ మూత్రం. ఇది నాలుగో రోజుకు తిరగబెట్టే చలిజ్వరంగా మారవచ్చు, లేదా మూత్రపిండంలో చీముగడ్డ అయి ఉండవచ్చు అని అర్‌రాజీ అభిప్రాయపడ్డారు. కొద్ది రోజుల్లోనే మూత్రంలో చీము పడింది. గడ్డ అని తేలిపోయింది.

ఇంకెవరైనా అయితే నేను ముందే చెప్పలేదా అని రాసుకునేవారు. అర్‌రాజీ అలా రాయలేదు. ముందే గట్టిగా ఎందుకు తేల్చి చెప్పలేకపోయానని తనను తానే నిలదీసుకున్నారు. లేచి నిలబడినప్పుడు నడుము దగ్గర బరువుగా ఉంటుందా అని రోగిని అడిగి ఉండాల్సింది, అడగలేదు అని రాశారు. గురువు తన పొరపాటును శిష్యులు చదివే కాగితం మీద పెట్టటం ఆ కాలంలోనే కాదు, ఈ కాలంలోనూ అరుదే. రోగిని అడగాల్సిన ప్రశ్నల జాబితా నేటి శిక్షణ పుస్తకాల్లో ఉంటుంది. ఆ జాబితాలోని ఒక్కొక్క ప్రశ్న వెనుకా ఇలా ఎవరో ఒకరు అడగటం మరచిపోయిన రోజు ఉండే ఉంటుంది.

పరీక్షించి చూడనిదే నమ్మని స్వభావం ఆయనది. పాదరసం తింటే ఏమవుతుందో తెలుసుకోవటానికి తన దగ్గరున్న కోతికి ఇచ్చి చూశారు. అది పొట్ట పట్టుకుని బాధపడిన తీరు రాసిపెట్టారు. మెదడు పొరల వాపు రాబోతున్న లక్షణాలున్నవారిలో కొందరికి రక్తం తీసి, కొందరికి కావాలనే తీయకుండా ఉంచి ఫలితం పోల్చి చూశారు. రక్తం తీయటం ఆ జబ్బుకు వైద్యం కాదని ఇప్పుడు మనకు తెలుసు. అయినా రెండు గుంపులను పోల్చి చూడాలన్న ఆలోచన పదో శతాబ్దంలోనే వచ్చిందంటే ఆశ్చర్యమే. మశూచికి, తట్టుకు తేడా వివరిస్తూ ఆయన రాసిన చిన్న గ్రంథం యూరప్ భాషల్లోకి పలుమార్లు తర్జుమా అయింది. ఆయన తాత్విక అభిప్రాయాల మీద ఆ రోజుల్లోనూ, తరువాతా గట్టి వాదోపవాదాలు జరిగాయి. అది మన విషయం కాదు కాబట్టి దాని జోలికి పోవటం లేదు.

సామానీ వంశీకుడు, రయ్ గవర్నరు అయిన మన్సూర్ ఇబ్న్ ఇస్‌హాక్‌కు అంకితంగా ఆయన కితాబుల్ మన్సూరీ అనే గ్రంథం రాశారు. పది భాగాలు. శరీర నిర్మాణం, ఆహారం, మందులు అన్నీ ఉన్నాయి. మనం ప్రత్యేకంగా గమనించాల్సినవి మూడు. ఒకటి ప్రయాణికుల కోసం. ఎండదెబ్బ, చలి, దారిలో కలిగే ఇబ్బందులకు ఏమి చేయాలన్నది అందులో ఉంది. మరొకటి గాయాలు, విరిగిన ఎముకల గురించి. ఇంకొకటి విషాలు, పాము, తేలు కాట్ల గురించి. ఈనాడు అత్యవసర చికిత్స నేర్చుకునేవారి పాఠ్యాంశాలు చూస్తే ఈ మూడూ అందులో ఉంటాయి. మందులు మారాయి, పద్ధతులు మారాయి. ఆపద మాత్రం మారలేదు.

అదే గ్రంథంలో వైద్యుని ఎలా పరీక్షించాలో కూడా చెప్పారు. ముందు అతను కాలం ఎలా గడిపాడో చూడాలి. పూర్వుల గ్రంథాలు చదువుతూ గడిపాడా, ఆటపాటల్లో గడిపాడా? తరువాత శరీర నిర్మాణంలో ప్రశ్నలు వేయాలి. అందులోనే తప్పితే రోగుల దగ్గర పరీక్షించే అవసరమే లేదు, అక్కడితో ఆపేయాలి. అందులో నెగ్గితే అప్పుడు రోగుల దగ్గర చేతిపని చూడాలి. చదువు ఒక్కటే చాలదు, అనుభవం ఒక్కటే చాలదు, రెండూ ఒక మనిషిలో ఉండాలన్నది ఆయన అభిప్రాయం. నేటి కోర్సుల్లో థియరీ పరీక్ష, ప్రాక్టికల్, తరువాత ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ అని పెట్టే వరుస దీనికి దూరంగా లేదు.

దొంగ వైద్యుల మీద మాత్రం ఆయన కలం పదునుగా నడిచింది. వాళ్ల మాయలు ఒక్కొక్కటే బయటపెట్టారు. మూర్ఛ తగ్గిస్తామని తల వెనుక గాటు పెట్టి, ముందుగానే చేతిలో దాచిన వస్తువును లోపలి నుంచి తీసినట్టు చూపేవారట. నాలుక కింద కప్ప తీసేవారు కొందరు. చెవిలోంచి పురుగులు తీసేవారు కొందరు. బస్టాండు దగ్గర పంటిలోంచి పురుగు తీసి చూపించిన మనుషులను మన పెద్దలు చాలామంది చూసే ఉంటారు. అంటే ఆ విద్య పదకొండు శతాబ్దాలుగా వంశపారంపర్యంగా వస్తోందన్నమాట! అయితే అర్‌రాజీ తిట్టి ఊరుకోలేదు. చదువు లేని వైద్యులు, పామరులు, స్త్రీలు కొన్నిసార్లు పండితులైన వైద్యులకన్నా ఎక్కువగా ఎందుకు నెగ్గుతున్నారన్న ప్రశ్న మీద వేరే ఒక పుస్తకమే రాశారు. తన వర్గం వారికి నచ్చని ప్రశ్న అది.

జనం దొంగ వైద్యుల దగ్గరికి ఎందుకు పోతారో ఆయనకు తెలుసు. హకీం దగ్గర లేడు, ఉన్నా డబ్బులు లేవు. అందుకే వైద్యుడు అందుబాటులో లేనివాడి కోసం అనే పేరుతో ఒక గ్రంథం రాశారు. దానికే పేదల వైద్యం అన్న పేరూ వచ్చింది. వంటింట్లో, బజారులో, సైనిక శిబిరంలో సులభంగా దొరికే దినుసులతో ఏమేమి చేసుకోవచ్చో అందులో చెప్పారు. ధనవంతుల కోసం రాసే వైద్య గ్రంథాల్లో అరుదైన దినుసులు, ఖరీదైన పాకాలు ఉంటాయి. పేదవాడు వాటిని చదివి ఏం చేసుకుంటాడు?

గంటలో నయం అనే అర్థం వచ్చే బుర్‌ఉస్సాఅ అని ఇంకో చిన్న పుస్తకం ఉంది. ఒక మంత్రి సభలో మాట వచ్చిందట. కొన్ని బాధలు కొద్దిసేపట్లోనే తగ్గించవచ్చునని, కానీ వైద్యులు రాబడి కోసం రోజుల తరబడి సాగదీస్తారని. అక్కడున్న వైద్యులకు కోపం వచ్చింది. అర్‌రాజీ మాత్రం ఆ మాటను నిరూపించే పనిలో పడ్డారు. తలనొప్పి, పంటినొప్పి మొదలుకుని తల నుంచి పాదం దాకా తక్షణం ఉపశమనం ఇవ్వగల బాధలను వరుసగా రాశారు. అన్ని జబ్బులూ గంటలో తగ్గుతాయని ఆయన అనలేదు. తగ్గేవాటిని ఆలస్యం చేయవద్దన్నారు. ఈనాటి ఆసుపత్రి బిల్లులు చూసినవారికి ఆ సభలో కూర్చున్న మంత్రి మీద కాస్త అభిమానం కలగకపోదు.

ఇంత పేరున్న వైద్యుడు ఆస్తి కూడబెట్టారా అంటే లేదు. పేద రోగులకు వైద్యం చేయటమే కాకుండా వాళ్లకు ఖర్చులకు డబ్బు ఇచ్చేవారని, దగ్గరుండి చూసుకునేవారని ఇబ్న్ అన్నదీమ్ రాశారు. ఎప్పుడు వెళ్లినా ఏదో ఒకటి రాస్తూనో, చూసి రాసుకుంటూనో కనిపించేవారట. తన జీవన విధానం గురించి తానే రాసుకున్న చిన్న గ్రంథంలో, ఒక్క సంవత్సరంలో సన్నని అక్షరాలతో ఇరవై వేల పేజీలకు పైగా రాశానని, పెద్ద గ్రంథం కోసం పదిహేనేళ్లు రాత్రింబవళ్లు శ్రమించి కంటిచూపు మందగించిందని, చేతి కండరాలు పట్టు తప్పాయని చెప్పుకున్నారు. అప్పుడు కూడా ఆగలేదు. ఇతరులతో చదివించుకుని, రాయించుకుని పని సాగించారు.

చివరకు చూపు పూర్తిగా పోయింది. తబరిస్తాన్ నుంచి ఒక శిష్యుడు వైద్యం చేస్తానని వచ్చాడని అల్‌బీరూనీ రాశారు. ఎలా చేస్తావో చెప్పమని అర్‌రాజీ అడిగారు. శిష్యుడు వివరంగా చెప్పాడు. నువ్వు మంచి వైద్యుడివేనని మెచ్చుకుని, ఇంత బాధ పడటానికి నాకు మిగిలిన ఆయుష్షు తక్కువని వద్దన్నారు. జనంలో మరో కథ ప్రచారంలో ఉంది. శస్త్రచికిత్స చేయటానికి వచ్చిన వాడిని కంటికి ఎన్ని పొరలుంటాయని ఆయన అడిగారని, చెప్పలేకపోతే నా కంటిని ముట్టుకోవద్దని పంపేశారని. రెండు కథల్లోనూ ఒక్క సంగతి మాత్రం సమానంగా ఉంది. గుడ్డివాడై పడక మీద ఉన్నప్పుడు కూడా ఆయన పరీక్ష పెట్టకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

హిజ్రీ 313లో, అంటే 925 అక్టోబరులో, ఆయన సొంత ఊరు రయ్‌లోనే కన్నుమూశారు. ఆయన గ్రంథాల జాబితాను అల్‌బీరూనీ తయారుచేస్తే 184 లెక్కతేలాయి. జీవితాంతం రాసుకున్న నోట్సు మాత్రం కట్టలుగా ఇంట్లో ఉండిపోయింది. బువైహీ వంశపు మంత్రి ఇబ్నుల్ అమీద్ వాటిని అర్‌రాజీ సోదరి దగ్గర ధనమిచ్చి తీసుకున్నారు. శిష్యులను పిలిపించి ఒక గ్రంథంగా కూర్పించారు. అదే అల్‌హావీ. 1279లో సిసిలీలో అది లాటిన్‌లోకి తర్జుమా అయింది. తరువాత యూరప్‌లో అచ్చయింది. మరి అరబీ మూలం ఎక్కడ అచ్చయిందో తెలుసా? మన హైదరాబాదులో. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని దాయిరతుల్ మఆరిఫ్ 1955లో దాని ప్రచురణ మొదలుపెట్టి 23 సంపుటాలుగా తెచ్చింది. వెయ్యేళ్ల కిందటి రయ్ రోగుల బాధలను ప్రపంచ పండితులు మూసీ ఒడ్డున అచ్చయిన కాగితాల మీద చదువుకున్నారు.

అర్‌రాజీ వెళ్లిపోయిన ఆరేళ్లకు, హిజ్రీ 319లో, అంటే 931లో, బాగ్దాదులో ఒక వైద్యుని పొరపాటు వల్ల ఒక మనిషి చనిపోయాడు. ఆ వార్త ఖలీఫా ముక్తదిర్ చెవిన పడింది. ఆస్థాన వైద్యుడు సినాన్ ఇబ్న్ సాబిత్ పరీక్షించి అనుమతి ఇస్తే తప్ప ఎవరూ వైద్యం చేయరాదని ముహ్తసిబ్‌కు ఆజ్ఞ వెళ్లింది. ముహ్తసిబ్ అంటే బజారులో తూనికలు, కొలతలు, కల్తీలు చూసే అధికారి. వైద్యాన్నీ ఆయనకే అప్పగించారు. పేరుపొందినవారిని, ఖలీఫా కొలువులో ఉన్నవారిని మినహాయించగా ఒక్క బాగ్దాదులోనే 860 మందికి పైగా పరీక్షకు వచ్చారు.

తరువాతి శతాబ్దాల్లో ముహ్తసిబ్‌ల కోసం రాసిన చేతి పుస్తకాల్లో పెద్ద హకీములకే కాదు, కింది పనివారికీ పరీక్షలు కనిపిస్తాయి. పన్నెండవ శతాబ్దంలో సిరియాకు చెందిన షైజరీ రాసిన పుస్తకంలో కళ్ల వైద్యుడిని కంటి పొరల గురించి అడగాలని ఉంది. ఎముకలు కట్టేవాడికి శరీరంలోని ఎముకల సంఖ్య, ఒక్కొక్కదాని ఆకారం తెలియాలని ఉంది. రక్తం తీసేవాడు మనుషుల మీద చెయ్యి వేయకముందు బీట్‌రూట్ జాతి ఆకుకూర ఈనెల మీద కత్తి తిప్పటం సాధన చేయాలని ఉంది. చేతికి సున్నితం వచ్చేదాకా ఆకులే. నర్సింగు పిల్లలు ముందు బొమ్మ చేతికి సూది గుచ్చి నేర్చుకుంటారని విన్నప్పుడు మనకు ఆ ఆకు గుర్తురావాలి.

మన పల్లెల సంగతి కూడా ఒక మాట. ఆర్‌ఎంపీలను ఏం చేయాలన్నది తెలుగు నేల మీద పాత తగాదా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000ల చివర్లో వాళ్లకు శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్‌లుగా గుర్తించాలని ఒక పథకం తలపెట్టింది. వైద్యుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. దొంగ వైద్యానికి ముద్ర వేసినట్టవుతుందని ఒక పక్షం, అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్లే గదా అని మరో పక్షం. రెండు మాటల్లోనూ నిజముంది. ప్రథమ చికిత్స చేసి పంపేవాడు వేరు, స్టెరాయిడ్, యాంటీబయాటిక్ సూదులు ఇష్టం వచ్చినట్టు పొడిచేవాడు వేరు. 2021లో పార్లమెంటు వైద్య అనుబంధ వృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం చేసింది. కోర్సుల ప్రమాణాలు, ఆ వృత్తుల్లో ఉన్నవారి రిజిస్ట్రేషన్ దాని పరిధిలోకి వచ్చాయి. పిల్లలను ఏదైనా కళాశాలలో చేర్చేముందు ఆ కోర్సుకు గుర్తింపు ఉందా, ఏ ఆసుపత్రిలో చేతిపని నేర్పుతారు అని తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవాలి. ఫీజు ఎంత అన్నది ఆ తరువాతి ప్రశ్న.

ఇక సినాన్ ముందుకు వచ్చిన ఆ 860 మందిలో ఒకరి సంగతి. మంచి దుస్తులు వేసుకున్న, చూడగానే గౌరవం కలిగే ఒక పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు. గొప్ప పండితుడనుకుని సినాన్ మర్యాద చేశారు. మీ గురువు ఎవరని అడిగారు. ఆ పెద్దమనిషి జేబులోంచి దీనార్ల పొట్లం తీసి ముందు పెట్టాడు. తనకు సరిగా చదవటం, రాయటం రాదని, కుటుంబమంతా ఈ పని మీదే బతుకుతోందని, పొట్ట కొట్టవద్దని వేడుకున్నాడు. సినాన్ నవ్వారు. ఒక షరతు పెట్టారు. తెలియని జబ్బు జోలికి పోరాదు, చిన్న చిన్న బాధలకు తప్ప రక్తం తీయించటం, విరేచనాల మందు ఇవ్వటం చేయరాదు. పెద్దమనిషి తేలికపడ్డాడు. జీవితమంతా తాను చేసింది అదేనని, తేనె, సిర్కా కలిపిన పానకం, గులాబీ షర్బతు దాటి ఏనాడూ పోలేదని చెప్పాడు.

మరునాడు ఒక యువకుడు వచ్చాడు. తెలివైనవాడిలా ఉన్నాడు. ఎవరి దగ్గర చదివావని సినాన్ అడిగారు. తన తండ్రి దగ్గరన్నాడు. ఎవరు మీ నాన్న అంటే, నిన్న మీ దగ్గరికి వచ్చిన పెద్దమనిషేనన్నాడు. నువ్వూ ఆయన పద్ధతిలోనే ఉన్నావా అని అడిగారు. అవునన్నాడు. అయితే దాన్ని దాటవద్దని చెప్పి సినాన్ అతనికీ అనుమతి ఇచ్చి పంపారు.